ఎస్తేరు టీచరు వరిమడి

కరీంనగర్ బైపాస్ దాటి కాస్త దూరం నడిస్తే ఇంకా కొన్ని పొలాలు మిగిలి ఉన్నాయి. డాక్టరు నడవమన్నప్పటి నుంచి పొద్దున్నే అటు వెళ్తున్నాను. మొన్న మంచు ఇంకా విడవని వేళ ఆ పొలాల పక్కనుంచి పోతుంటే ఒక వాసన వచ్చింది. ఈనుతున్న వరి వాసన. పూల వాసనలా అది ఎదురొచ్చి పలకరించదు. ఉడుకుతున్న అన్నం మీది ఆవిరికీ, తడిసిన గడ్డికీ నడుమ ఎక్కడో ఉంటుంది. వెతికితే దొరకదు, ఊరుకుంటే వస్తుంది. నేను ఊరుకున్నాను. రోడ్డు మీద లారీల చప్పుడు మెల్లగా వెనక్కి పోయింది. నాకు పన్నెండేళ్లు వచ్చాయి. కింద గట్టు, ఒళ్లో నోటుబుక్కు, ఎదురుగా చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని మడిలో వంగిన ఒక మనిషి. ఆమె పేరు ఎస్తేరు. మా సైన్సు టీచరు. ఆమెను మీలో ఎవరూ చూసి ఉండరు, చూపిద్దామంటే నా దగ్గర ఫొటో కూడా లేదు. అందుకే రాస్తున్నాను.

మాది మందమర్రి పక్కన బొగ్గుబాయి కార్మికుల కాలనీ. ఒకే రకం ఇళ్లు వరసగా, ఇంటింటి ముందు బొగ్గుపొయ్యి. పొద్దున అన్ని పొయ్యిలూ ఒకేసారి రాజుకుంటే ఆ పొగలో కాలనీ అంతా నీళ్ల కింద ఉన్నట్టు కనిపించేది. మా తల్లిదండ్రులందరూ కరీంనగర్ దిక్కు పల్లెల నుంచి ఎవుసం వదిలి వచ్చినవాళ్లే. మేము మాత్రం అక్కడే పుట్టినవాళ్లం. మాకు బియ్యం అంటే దుకాణం నుంచి సంచిలో వచ్చేవి. అంతకు ముందు వాటికి ఒక బతుకు ఉంటుందని మాకు తట్టలేదు.

అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం నడిచిన ఏడు బళ్లు నెలల తరబడి మూతపడ్డాయి. మళ్లీ తెరిచాక మా ఆడపిల్లల బడికి ఎస్తేరు టీచరు వచ్చారు. నలభై దాటి ఉంటాయి. సన్నటి పొడుగు మనిషి, తెల్లటి నేత చీర, బొట్టులేని నుదురు. ఆదివారం మెథడిస్టు చర్చిలో ముందు వరసలో కూర్చునేవారట. నడిచేటప్పుడు నడుము దగ్గర కొంచెం ముందుకు వంగేవారు. ఆ వంపు ఎక్కడిదో మాకు తర్వాత తెలిసింది.

పంటల దశలు పాఠం వచ్చింది. మేము ఎప్పటిలాగే బట్టీ కొట్టి, లేచి నిలబడి రాగం తీశాం. దుక్కి, విత్తనం, నారు, నాటు, కలుపు, పొట్ట, ఈనిక, పాలు, కోత, నూర్పిడి. నా వంతు రాగానే నేను ఒక్క ఊపిరిలో అప్పజెప్పి కూర్చోబోయాను.

"ఆగు సరోజా," అన్నారు టీచరు. "పాలు అన్నవు గదా, ఎక్కడియి ఆ పాలు?"

నేను కొంచెం ఆలోచించి, "బర్రెయి టీచర్," అన్నాను.

ఎవరూ నవ్వలేదు. అందరూ అదే అనుకుంటున్నారు గనుక. టీచరు కూడా నవ్వలేదు. పుస్తకం మూసి చాలాసేపు కిటికీలోంచి బయటికి చూశారు. కిటికీ అవతల సర్కారు తుమ్మ కంపతో నిండిన రెండు గుంటల ఖాళీ జాగా, దాని అంచున బాయిలోంచి మోటార్లు తోడిపోసే నీళ్ల కాలువ. ఆ నీళ్లు గోరువెచ్చగా, కొంచెం అగ్గిపుల్ల వాసనతో రేయింబవళ్లు పారుతుండేవి. వాటితో ఎవరికీ పనిలేదు.

"మీ ఇండ్లల్ల అందరూ దున్నినోళ్లే, నాటేసినోళ్లే," అన్నారు తనలో తాను. "ఒక్క తరానికే గింత దూరమైందా!"

మర్నాడే ఆ జాగాలో వరి వేస్తామని హెడ్మాస్టరు సారును అడిగారు. ఆయనకు ఆ జాగాలో రెండు గదులు కట్టించాలని ఉండేది. "బాయి నీళ్లల్ల వరి పండుతదా టీచర్?" అన్నాడు. "నాకూ తెల్వదు సార్, చూద్దాం," అన్నారామె. ఒక టీచరు నోట తెల్వదన్న మాట వినడం మాకదే మొదలు. రెండు తడిగుడ్డల్లో పిడికెడు పిడికెడు వడ్లు కట్టించారు. ఒకటి మంచినీళ్లలో తడిపిందీ, ఒకటి బాయి నీళ్లలో తడిపిందీ. మూడో రోజు విప్పితే రెండింట్లోనూ గింజల ముక్కులు పగిలి తెల్లటి మొలకలు కనిపించాయి. పసిపిల్ల చిగుళ్ల మీద తొలి పళ్లలా ఉన్నాయి. మేము గుడ్డ చుట్టూ మూగి ఊపిరి బిగబట్టి చూశాం. సారు కూడా వచ్చి చూసి, "సరే, ఒక్క పంట. గది పండకుంటే నా గదులు నాకు," అన్నాడు.

ఆ సాయంత్రం నేను ఇంట్లో సంబరంగా చెప్పాను. బాపు, మా నాన్న, అప్పుడే డ్యూటీ దిగి వచ్చి అన్నం తింటున్నాడు. ఎంత కడిగినా కళ్ల చుట్టూ బొగ్గు గీత ఉండిపోయేది. ఆయన పేరు రాజయ్య. వేములవాడ దగ్గరి ఊళ్లో మాకు ఎకరం పొలం ఉండేదట. రెండేళ్లు సాగుబావి ఎండి పంట రాలేదు. మూడో ఏడు నిండుగా పండి, రేపు కోస్తారనగా వాన పడి పైరంతా నీళ్లలో పడుకుంది. బాపు ఆ పొలంలో మళ్లీ కాలు పెట్టలేదు. అట్లాగే వదిలేసి ఇటు వచ్చేశాడు. నేను పుట్టకముందు మాట ఇది, అవ్వ, అంటే మా అమ్మ, చెప్పింది.

బాపు ముద్ద కింద పెట్టాడు. "బురదలకెల్లి బయటపడెటందుకు నేను భూమి కిందికి పోయిన. నువ్వు మళ్ల బురదల దిగుతవా? నాకు తెలిస్తే బడి బందు వెడత," అన్నాడు. అవ్వ నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది. అంతటితో ఆ మాట అయిపోయింది.

మర్నాడు నేను టీచరుకు ఏడుస్తూ చెప్పాను. ఆమె నా చెంప తుడిచి, "బాపు మాట కాదనద్దు. మడిల దిగద్దు. ఒడ్డు మీద కూసో, చూసింది రాయి," అన్నారు.

"ఏం రాయాలె టీచర్?"

"ఏమైతే గది. ఏం కాకుంటే, ఇయ్యాల ఏం కాలేదని రాయి."

అట్లా నేను రాసేదాన్నయ్యాను. నా తోటివాళ్లు కంప కొట్టారు, మట్టి తవ్వారు, నారు పోశారు. నేను గట్టు మీద కూర్చున్నాను. ఆ వానాకాలం ఇప్పుడు తలచుకుంటే ఒకే ఒక పొడుగాటి సాయంత్రంలా అనిపిస్తుంది. నారుమడి ఆకుపచ్చ రంగు మొదట ఉందో లేదో అన్నట్టు వచ్చింది, నీళ్ల మీద ఎవరో ఊదిన రంగులా. చాలా రోజులు నిజంగానే ఏమీ కాలేదు. నా నోటుబుక్కులో పేజీలకు పేజీలు "ఇయ్యాల ఏం కాలేదు" అని ఉండేది. అయితే ఆ మాట రాయడానికి రోజూ అంతసేపు చూడాల్సి వచ్చేది. చూస్తూ చూస్తూ ఉండగా నాకు తూనీగలు తెలిశాయి, నీళ్ల మీద నడిచే పురుగులు తెలిశాయి, పొద్దున ఆకు కొన మీద నిలిచే చుక్క మధ్యాహ్నానికి ఎటు పోతుందో తెలిసింది. ఒకనాడు నారు గాలికి ఒక్కసారిగా ఒకే దిక్కుకు వాలింది. అంతవరకూ గాలికి వంగేంత పొడుగు దానికి లేదు. "ఇయ్యాల గాలి కనవడ్డది" అని రాశాను. టీచరు ఆ పేజీ రెండుసార్లు చదివారు.

నాటు రోజున ఆమె చేతులు చూశాను. ముచ్చట్లు చెబుతూ, మా మొహాలు చూస్తూ, కింద చేతులు వాటంతట అవే నారు విడదీసి గుచ్చుకుంటూ వెనక్కి పోతున్నాయి. వరస దారం పట్టినట్టు ఉంది. పిల్లలు నాలుగు అడుగులు నాటేసరికి ఆమె మడి ఆ చివర ఉన్నారు.

"టీచర్, గింత జల్ది ఎట్ల వచ్చింది?" అని ఎవరో అడిగారు.

"ఎనిమిదేండ్లప్పుడు మా అవ్వ పక్కన నిలవెట్టిండ్రు," అన్నారామె, నడుము నిటారు చేయకుండానే. "దొరల పొలం. లైను తప్పితే వెనకకెల్లి మాట వడేది. మాటలు వడద్దని చేతులకు నేర్పుకున్న." మిషన్ వాళ్ల బడిలో చదువుకుంటూ కూడా సెలవుల్లో పదహారో ఏడు దాకా కూలికి పోయారట. ఆ నడుము వంపు అక్కడిది.

బతుకమ్మ సెలవుల్లోనూ రోజుకొకరం పోయి మడిని చూసి వచ్చాం. పొట్ట కట్టింది, ఈనింది. సెలవులైన వారానికి ఒక మధ్యాహ్నం టీచరు నన్ను దగ్గరికి పిలిచారు. ఒక లేత గింజ తుంచి నా బొటనవేలి గోరు మీద నొక్కారు. తెల్లటి చుక్క ఒకటి బయటికొచ్చి గోరు మీద నిలబడింది.

"ఇగో, ఎక్కడియి పాలు?" అన్నారు నవ్వుతూ.

నేను దాన్ని నాలుక మీద పెట్టుకున్నాను. పచ్చిగా, కొంచెం తియ్యగా ఉంది. పిల్లలందరూ నాకూ నాకూ అంటూ చుట్టూ చేరారు. అప్పుడే బాయి సైరన్ మోగింది. డ్యూటీ మారే వేళ కాదు. మాలో ఒక్కొక్కరం ఆగిపోయి బాయి దిక్కు తిరిగాం. కాలనీ పిల్లలకు ఆ చప్పుడు అర్థం ఎవరూ చెప్పక్కర్లేదు. ఇళ్లలోంచి ఆడవాళ్లు ఉరికి రావడం మొదలైంది.

ఆ రోజు బాయిలో పైకప్పు నుంచి పెళ్ల రాలి మీద పడింది మా బాపు మీదే. ప్రాణం పోలేదు. ఎడమ కాలు రెండు చోట్ల విరిగింది. రెండు వారాలు ఆసుపత్రిలో ఉండి ఇంటికొచ్చాడు. కట్టు కట్టిన కాలు మంచం మీద చాపుకుని గోడ దిక్కు తిరిగి పడుకునేవాడు. అడిగితే తప్ప మాట్లాడేవాడు కాదు, అడిగినా ఒకటే మాట. మళ్లీ కిందికి దిగలేడన్న సంగతి మా అందరికీ తెలుసు. ఎవరం పైకి అనలేదు. అవ్వ పొయ్యి దగ్గర కూర్చుని మంటను చూస్తూ అన్నం మాడగొట్టేది.

ఒక ఆదివారం చర్చి నుంచి నేరుగా ఎస్తేరు టీచరు మా ఇంటికి వచ్చారు. మా ఊళ్లో అయితే ఆమెను వాకిట్లోనే నిలబెట్టేవాళ్లు. కాలనీలో అవ్వ లోపల చాప వేసింది. టీచరు బాపు మంచం పక్కనే కూర్చున్నారు. కాలు ఎట్లా ఉందని కూడా అడగలేదు.

"అన్నా, మీతోని ఒక పని వడ్డది," అన్నారు. "వరి పండుకొచ్చింది. ఎప్పుడు కోయాలెనో నాకు సమజైతలేదు."

బాపు గోడ దిక్కు నుంచి తల తిప్పాడు. "మీకు తెల్వదా? చిన్నప్పటి సంది పొలంల పని చేసినోళ్లు."

"పని చేసిన. ఎన్నడు కోయాలెనో మమ్ముల ఎవరూ అడగలే. కోయుమన్ననాడు కోసినం. పొలమున్నోళ్లు మీరు, అది మీకే ఎరుక."

బయట ఎవరో బొగ్గు పగలగొడుతున్న చప్పుడు. బాపు, "గింజ కొరికితే ఎట్లున్నది?" అన్నాడు. ఆమె చెప్పారు. "కంకి మెడ పచ్చగున్నదా, మాగిందా?" ఆమె చెప్పారు. "గట్ల నోటితోని చెప్తె తెల్వది," అన్నాడు బాపు విసుగ్గా. "చూడాలె."

మర్నాడు రిక్షాలో వచ్చాడు. గట్టు మీద స్టూలు వేసి కూర్చోబెట్టాం. బాపు ఆ మడి వైపు వెంటనే చూడలేదు. ముందు కాలువ చూశాడు, ఆకాశం చూశాడు, ఆఖరికి పైరు చూశాడు. బంగారం రంగు ఇంకా పూర్తిగా రాని పచ్చటి పసుపు, గాలికి కదులుతోంది. నేను కంకి తెంపి ఇచ్చాను. ఒక గింజ పంటి కింద పెట్టి కళ్లు మూసుకున్నాడు. బాపు ముఖం మీద బొగ్గు గీత లేకుండా పగటి వెలుతురులో చూడడం నాకు అదే మొదటిసారి. ఇంకెవరో ఇంట్లో మనిషిలా, చాలా చిన్నవాడిలా ఉన్నాడు.

"మూడొద్దులు ఆగాలె," అన్నాడు. "గింజ ఇంక గట్టి పడాలె."

తూర్పున మేఘం ఉంది. హెడ్మాస్టరు సారు, "ఇయ్యాలనే కోస్తె మంచిగుంటది టీచర్," అన్నాడు వసారాలోంచి. టీచరు మేఘాన్ని చూశారు, బాపును చూశారు. "ఆగుదాం," అన్నారు.

రెండో రోజు తెల్లవారుతూనే వాన మొదలై మధ్యాహ్నం దాకా వదలలేదు. మేము బడికి పోయేసరికి పైరంతా చుట్ట చుట్టుకుని నీళ్లలో పడి ఉంది. సారు గొడుగు పట్టుకుని గట్టు మీదే నిలబడి ఉన్నాడు. "మొన్ననే కోద్దామంటిని. ఎవరు ఆగుమన్నరు?" అన్నాడు కోపంగా. నేను పక్కనే ఉన్నాను. టీచరు చేయి నా భుజం మీద పడి మెల్లగా నొక్కింది.

"నేనే ఆగుమన్న సార్," అన్నారామె. ఇంకో మాట లేదు, సాకు లేదు.

వాన తగ్గకముందే మా ఇంటికి వచ్చారు, కొంగు తల మీద వేసుకుని. బాపు అప్పటికే పొద్దున్నుంచి రేకుల మీద వాన వింటూ ఉన్నాడు. ఆమెను చూడగానే ముఖానికి చేతులు అడ్డం పెట్టుకున్నాడు. "నా నోట్లె ఉన్నదేందో చెల్లె, ముట్టిందల్ల ముంచుతున్న," అన్నాడు. బాపు ఏడవగా నేను చూసింది ఆ ఒక్క రోజే.

"నీళ్లు తీసేసినం అన్నా," అన్నారు టీచరు. "పైరు పడ్డది గని పోలే. పడ్డదాన్ని ఏ దిక్కుకెల్లి అందుకోవాలెనో పిల్లలకు తెల్వది. నేను ఒక్కదాన్ని ఎంతమందికి చూపిస్త? రాండ్రి."

ఆయన రాను అంటాడనుకున్నాను. చాలాసేపు చినుకులు పడే వాకిట్లోకి చూసి, "కర్ర అందియ్యి," అన్నాడు అవ్వతో.

మర్నాడు పొద్దుటికి చినుకులు కూడా ఆగాయి. బాపు స్టూలు మీద కూర్చుని కర్రతో చూపిస్తూ కేకలేస్తుంటే పిల్లలు పడ్డ పైరుకు ఎదురుగా నిలబడి కోత మొదలుపెట్టారు. డ్యూటీ దిగిన వాళ్లు నలుగురైదుగురు ఇంటికి పోకుండా ఇటే వచ్చారు. నల్లటి మొహాలతోనే మడిలో దిగారు. ఏళ్ల తర్వాత చేతికొచ్చిన కొడవలిని ఒకసారి తిప్పి చూసుకున్నారు. నేను గట్టు మీద నోటుబుక్కు తెరిచి రాస్తున్నాను.

"సరోజా," అన్నాడు బాపు. "గా బుక్కు పక్కన వెట్టు."

నేను తలెత్తాను.

"దిగు బిడ్డా."

మొదటిసారి కాలు పెట్టినప్పుడు ఆ బురద చల్లగా ఉంది, కొంచెం లోపల వెచ్చగా ఉంది. పాదం చుట్టూ మూసుకుంది. బాపు గట్టు మీదనుంచి ముందుకు వంగి నా పిడికిలి సరిచేశాడు. ఎన్ని దుబ్బులు ఒకేసారి పట్టాలో, కొడవలిని కాలికి తగలకుండా ఎట్లా లాగాలో చూపించాడు. నేను కోసిన మొదటి పిడికెడు ఆయన చేతికే ఇచ్చాను. ఆయన దాన్ని దులిపి, తుడిచి, స్టూలు పక్కన పొడిగా ఉన్న చోట జాగ్రత్తగా పెట్టాడు.

సగం దక్కింది. కొన్ని గింజలు కంకి మీదే మొలకెత్తాయి. వసారాలో ఆరబెట్టి, రాతి మీద కొట్టి, చాటలతో తూర్పారబట్టాం. బియ్యం నూకలయ్యాయి. అవి వండి తలా ఒక ముద్ద తిన్నాం. సారు కూడా తిన్నాడు. మాట ప్రకారం మరుసటి వేసవిలో అక్కడ గదులు కట్టించాడు. బాపుకు బాయి పైన, దిగేవాళ్లకు దీపాలిచ్చే గదిలో పని ఇచ్చారు. టీచరుకు ఆదిలాబాద్ దిక్కు బదిలీ అయింది.

నేను వ్యవసాయ కాలేజీలో చదివి ఉద్యోగం వచ్చిన ఏడు ఆమెను వెతుక్కుంటూ పోయాను. ఆదిలాబాద్ దగ్గర ఒక పల్లెలో చెల్లెలి ఇంట్లో ఉంటున్నారు, జుట్టంతా తెల్లబడింది. ఎన్నాళ్లుగానో అడగాలనుకున్నది అడిగాను. "టీచర్, ఆనాడు వాన వస్తదని మీకు ఎరుకేనా?"

"మేఘమైతే చూసిన," అన్నారు. "ఎరుకే అనుకో. గని బిడ్డా, మనిషిని అడిగినంక ఆయన మాట పక్కన వెడితె, ఎందుకు అడిగినట్టు?" తర్వాత నవ్వి, "సగం వడ్లు పోయినయి. నాదే తప్పు కావచ్చు. ఇప్పటిదాక తేల్చుకోలే," అన్నారు.

నేనూ తేల్చుకోలేదు. ఆ మాట పట్టుకునే జగిత్యాల దిక్కు ఊళ్లలో రైతులకు సలహా చెప్పే పనిలో చేరాను. కొన్నేళ్లకు, తొంభైల మొదట్లో, ఒక వేసవిలో లచ్చవ్వ అనే రైతు నువ్వుచేను చూపించి కోయాలా అని అడిగింది. కాయ ఇంకా పచ్చిగా ఉంది, నాలుగు రోజులు ఆగమన్నాను. వడగాలి వచ్చి రెండు రోజులకే కాయలన్నీ పగిలి నువ్వులు నేల రాలాయి. సాయంత్రం కబురు తెలిసింది. ఆఫీసులో తోటివాళ్లు, "వారం దాక ఆ ఊరు దిక్కు పోకుండ్రి మేడం," అన్నారు. రాత్రంతా నాతో నేను వాదించుకుని, పొద్దున మొదటి బస్సుకు పోయాను.

లచ్చవ్వ చేనులో కూర్చుని చీపురుతో నేల ఊడుస్తోంది, నువ్వులూ మట్టీ కలిపి. నేను చెప్పులు విడిచి ఎదురుగా నిలబడ్డాను. "లచ్చవ్వా, ఆగుమన్నది నేనే. తప్పు నాదే," అన్నాను.

ఆమె తలెత్తి నన్ను కాసేపు చూసింది. తిట్టలేదు, పోనీలెమ్మనీ అనలేదు.

"నిన్ననే వస్తవనుకున్న," అంది.

ఆ తర్వాత చాట ఒకటి నా వైపు జరిపింది. ఎండ నెత్తి మీదికి వచ్చేదాకా ఇద్దరం ఊడ్చి, చెరిగి, మట్టిలోంచి నువ్వులు ఏరాం. దొరికినవి తక్కువే. ఉద్యోగంలో ఇంకా చాలా పొరపాట్లు చేశాను, ఇంట్లోనూ చేశాను. ఇప్పుడు రిటైరయ్యాను. కానీ ఆ రోజు నుంచి ఒకటి మాత్రం పట్టుకున్నాను. నా మాట వల్ల ఎవరికైనా నష్టం జరిగిందని తెలిస్తే తెల్లవారేదాకా ఆగను. ఆ పూటే బయల్దేరుతాను.